పచ్చికకు కాపరులు

2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు, 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ పోటీలకు వేదికైన హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియం ప్రస్తావన రాగానే గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు గుర్తుకొస్తాయి గానీ, అటువంటి ఏ స్టేడియంలోనైనా ఆటకు అసలు ఆధారం సుమారు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల పచ్చిక, దానిని సాకే మైదాన సంరక్షకుల పనితనం. ఉష్ణదేశాల మైదానాల్లో విరివిగా పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, కాణిపాకం వినాయకుడి పూజకు చిత్తూరు పల్లెల గట్ల మీద కోసే గరిక జాతిదే. నేల మీద పాకే కాడలు, నేలలోపల సాగే కాడలు కణుపు కణుపునా వేళ్లూనుతాయి కనుక, బూట్లు చీల్చిన చోటు మళ్లీ అల్లుకుంటుంది. ఆకు పొడవులో మూడోవంతుకు మించి ఒక్కసారిగా కోయరాదన్నది ఈ వృత్తిలో గట్టి కట్టుబాటు, ఎందుకంటే అంతకు మించితే ఆహారం తయారుచేసుకునే పచ్చదనం తరిగి వేరు బలహీనపడుతుంది. టీవీలో కనిపించే లేత, ముదురు పట్టీలు రంగులు కావు. కోతయంత్రపు రోలరు ఆకులను ఏ వైపు వంచిందన్న దానిని బట్టి వెలుగు ప్రతిఫలించే తీరు మారడమే వాటికి కారణం. వాననీరు నిలవకుండా మైదానం మధ్యభాగాన్ని కంటికి తెలియనంత ఎత్తుగా తీర్చడానికి, తిరుపతి చుట్టుపక్కల వరిమడిని చదును చేసే రైతుకున్నంత నేల ఎరుక కావాలి. ఆట ముగిసి గ్యాలరీలు ఖాళీ అయ్యాక ఈ పనివారు మళ్లీ మైదానంలోకి దిగి, లేచిపోయిన గడ్డిపెళ్లలను ఒక్కొక్కటిగా సర్ది అదుముతారు.