పేలితేనే తెలిసే పనితనం

లండన్‌లో తయారయ్యే పర్డీ డబుల్ బ్యారెల్ తుపాకిని చూసినవాళ్ల కళ్లు ముందు చెక్కడాల మీదే ఆగుతాయి. పక్క పలకల మీద గులాబీలు, వాటి చుట్టూ తీగల చుట్టలు. ఉక్కుకు పట్టించిన నీలం, గోధుమ, బూడిద రంగుల మరకలు. ఎముకల బొగ్గులో పొదిగి కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో ముంచితే వచ్చే రంగులవి. ఏ రెండు తుపాకుల మీదా ఒకేలా రావు. ఇంత అందమైన వస్తువును పేల్చి పాడుచేయడమెందుకు, పెట్టెలోనే ఉంచుదామని సేకర్తలు అనుకోవడం సహజమే. నేను మాత్రం పేల్చాలనే అంటాను. ఆ మాట అనిపిస్తున్నది ఆ పనితనమే.

జేమ్స్ పర్డీ ఈ దుకాణం పెట్టింది 1814లో. పనిలో ఆయన చేయి తిరిగింది ఆ కాలపు మేటి తుపాకి నిపుణుడు జోసెఫ్ మాంటన్ దగ్గర. సంస్థకు నేటికీ ప్రాణంగా ఉన్న యంత్రాంగం మాత్రం ఫ్రెడరిక్ బీస్లీ అనే పనివాడిది. ఆయన 1880లో దానికి పేటెంటు తీసుకుని పర్డీలకు అమ్మాడు. మడత పెట్టిన స్ప్రింగుతో రెండు పనులు చేయించడమే అందులోని తెలివి. స్ప్రింగు ఒక కొస లోపలి సుత్తిని తూటా మీదికి కొడుతుంది. రెండో కొస గొట్టాలను కిందికి నెడుతుంది. పైనున్న మీటను బొటనవేలితో తప్పిస్తే చాలు, తుపాకి దానంతటదే విచ్చుకుంటుంది. మూసేటప్పుడు చేతికి కొంచెం బరువు తెలుస్తుంది. స్ప్రింగు మళ్లీ బిగుసుకునేది అప్పుడే.

ఇంతకంటే నాకు ముచ్చటైనది ఎజెక్టర్. రెండు గొట్టాల్లోనూ తూటాలు పెట్టి కుడిదాన్ని మాత్రమే పేల్చారనుకోండి. తుపాకి తెరవగానే కుడివైపు ఖాళీ తొడుగు ఎగిరి వెనక్కి పడుతుంది. ఎడమవైపు నిండు తూటా చేతికి అందేంత మేరకు పైకి లేచి ఆగిపోతుంది. ఏది పేలిందో, ఏది పేలలేదో ఆ ఇనుప ముక్కలకు తెలుసు! గాజు అల్మారాలో ఉంచిన తుపాకి ఈ సంగతి ఎన్నటికీ చెప్పదు.

కర్ర పని మరో లోకం. సాధారణంగా టర్కీ వాల్‌నట్ వాడతారు. కొనేవాడి భుజం, మెడ, చెంప, చూపు కొలిచి దాని వంపు నిర్ణయిస్తారు. ఉక్కు భాగం కర్రలో ఒదగాలంటే, దీపం మసిని కాటుకలా ఆ ఉక్కుకు పట్టించి కర్రకు ఆనిస్తారు. మసి అంటిన చోట పిసరంత చెక్కుతారు, మళ్లీ ఆనిస్తారు. మసి అంతటా సమానంగా అంటేదాకా ఇదే పని. ఎందుకింత శ్రమ అంటే, పేలినప్పుడు వచ్చే వెనుదన్ను ఒకే చోట పడితే కర్ర చీలుతుంది. అది అంతటా పరుచుకుంటే వందేళ్లయినా చీలదు. కంటికి ఇంపుగా కనిపించే ఆ సన్నని అతుకు అసలు దెబ్బ ఓర్చుకోవడానికే పుట్టింది.

నిజానికి పేల్చని పర్డీ అంటూ లేదు. గొట్టాల మూతిని సవరించే పనివాడు నలభై గజాల దూరంలో గురి పెట్టి కాలుస్తాడు. ముప్పై అంగుళాల వలయంలో ఎన్ని రవ్వలు పడ్డాయో లెక్కపెట్టి మళ్లీ సవరిస్తాడు. అలాగే ప్రూఫ్ హౌస్‌లో మామూలు తూటాను మించిన ఒత్తిడితో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. లండన్ తుపాకి పనివాళ్ల సంఘానికి రాజశాసనం దక్కింది 1637లో. పరీక్షించి ముద్ర వేసే ఆనవాయితీ ఆ నాటిదే.

వాడితే అరగదా అంటే, అరుగుతుంది. గొట్టాలు తిరిగే ఇరుసు వదులవుతుంది. కానీ దాన్ని మళ్లీ బిగించవచ్చు, కావాలంటే గొట్టాలే కొత్తవి వేయించవచ్చు. ఏటా విప్పి శుభ్రం చేయించుకునే తుపాకిగానే దీన్ని తయారుచేశారు. లార్డ్ రిపన్ అనే ప్రభువు పర్డీ తుపాకులతో వేటాడిన మనిషి. ఆయన జీవితకాలపు వేట లెక్క ఐదున్నర లక్షలు దాటింది. 1923లో వేటమైదానంలోనే కన్నుమూశాడు. అంత వేట నాకు నచ్చదు, చెప్పక తప్పదు. ఈ రోజుల్లో గురి కోసం గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లలున్నాయి, వాటి మీద కాల్చుకోవచ్చు.

అన్నింటినీ పేల్చాలని కూడా కాదు. అమెరికాలో 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్లు మొత్తం తయారైనవే సుమారు 1,100. వాటి సిలిండర్లు కొత్తలోనే పగిలిన సందర్భాలున్నాయి. ఇప్పుడు మిగిలినవి కొద్ది. వాటిని పేల్చడం చరిత్రను చింపడమే. ఇనుము, ఉక్కు కలిపి పురిపెట్టి అల్లిన డమాస్కస్ గొట్టాల్లో పాతకాలపు నల్ల తుపాకిమందుకు మాత్రమే పరీక్షించినవి ఉంటాయి. వాటిలో నేటి తూటా పెట్టకూడదు. పెట్టె కూడా విప్పకుండా దాచిన తుపాకికి ఎక్కువ ధర పలుకుతుందన్నదీ నిజమే. అయితే అది లోహానికి, పనికి ఇచ్చే ధర కాదు, పెట్టెకిచ్చే ధర.

లండన్ తుపాకి దుకాణాలకు ఒకప్పుడు మన సంస్థానాధీశులు పెద్ద ఖాతాదారులు. ఆ కాలపు ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ మీ ఇంట్లో లైసెన్సుతో ఉందా? అటకెక్కించకండి. ముందు గొట్టాల అడుగున ముద్రలు చూడండి. ‘ఎన్‌పీ’ అక్షరాలుంటే నేటి రకం మందుకు పరీక్ష జరిగినట్టు. మందుగది పొడవు కొలిపించండి. పాత ఇంగ్లీషు తుపాకుల్లో అది తరచూ 65 మిల్లీమీటర్లే ఉంటుంది, ఇప్పటి తూటాలు ఎక్కువగా 70. పొట్టి గదిలో పొడుగు తూటా ప్రమాదం. పని తెలిసిన తుపాకి మేస్త్రీ చూసి సరేనన్నాక, అనుమతి ఉన్న షూటింగ్ రేంజికి తీసుకువెళ్లి రెండు తూటాలు కాల్చండి. ఇంటికొచ్చాక శుభ్రంగా తుడిచి నూనె రాయండి.