కావ్యములందు వార్ధకవర్ణనము – జరావృద్ధశబ్దవిచారము

వార్ధకమును వర్ణింపని కవి మనలో నరుదు. ఇతిహాసములు మొదలుకొని శతకములవఱకును, శతకములు మొదలుకొని నాటకములవఱకును నీ వర్ణనము వ్యాపించియున్నది. ఈ వర్ణనములను జక్కఁగాఁ బరికించినచో వానిలో రెండు భాగములు గానవచ్చును. మొదటిది శరీరగతము: తల నెఱియుట, దంతములు రాలుట, చూపు మందగించుట, చెవులు వినఁబడకపోవుట, నడక తడఁబడుట. రెండవది లోకగతము: మాట చెల్లకుండుట, ఇంటివారు విసువుకొనుట, పుత్రులు విముఖులగుట, సభలయం దాదరము తఱుగుట. కవులు పెక్కండ్రీ రెండు భాగములను నొక్క వాక్యములోఁ జేర్చి, మొదటిది కారణముగను రెండవది కార్యముగను దోఁచునట్లు చెప్పియున్నారు. ఈ కార్యకారణభావము నిలుచునా యనునదియే యిచ్చటి విచారము.

ముందుగా శబ్దమును విచారింతము. సంస్కృతమున నీ యర్థమునకు రెండు ధాతువులు ప్రధానములు. 'జౄ' ధాతువునకు వయస్సు క్షీణించుట యర్థము. జర, జీర్ణము, జరఠము మొదలగునవి దానినుండి పుట్టినవి. 'వృధ్' ధాతువునకుఁ బెరుఁగుట యర్థము. 'వృద్ధ' శబ్దము దానినుండి పుట్టినది. ఒకటి తఱుగుదలను జెప్పును, ఒకటి పెరుఁగుదలను జెప్పును. ఒక్క మనుష్యునియందే యీ రెండును బ్రవర్తించుచుండుటకు విరోధము లేదు. ఏలయన విషయము భిన్నము. తఱుగునది దేహము, పెరుఁగునది లోకమునం దాతని స్థానము. జర యనునది యొంటరిగా నున్నవానికిని వచ్చును. వృద్ధత్వము మాత్రము పదుగురిలోనే సిద్ధించును.

పాణిని దీనిని మఱింత విశదము చేసియున్నాఁడు. అతిశయార్థకప్రత్యయములు పరమగునపుడు 'ప్రశస్య' శబ్దమునకు 'జ్య' యని యాదేశము విధించి, వెంటనే 'వృద్ధ' శబ్దమునకును నా యాదేశమునే విధించినాఁడు (5-3-61, 62). కావున 'జ్యేష్ఠుఁడు' అన్నపుడు మిక్కిలి కొనియాడఁదగినవాఁడనియు, మిక్కిలి పెద్దవాఁడనియు రెండర్థములును శాస్త్రసమ్మతములే. మఱియు వంశమునందలి పెద్ద జీవించియుండఁగాఁ బౌత్రునకుఁ దరువాతి సంతతికి 'యువ' యను సంజ్ఞ చెప్పఁబడినది (4-1-163). ఆ సంజ్ఞ గలవానికిఁ దల పూర్తిగా నెఱసియున్నను సంజ్ఞకు భంగము లేదు. ఇది పారిభాషికమే, దానినిబట్టి లోకవ్యవహారమంతయు నిర్ణయింపరాదు. అయినను బెద్దఱికము దేహలక్షణము గాక సంబంధలక్షణ మని వ్యాకర్త లెఱిఁగియుండిరనుటకు నింత చాలును.

తెలుఁగునను నీ భేదము లేకపోలేదు. 'పెద్ద' యను మాట పరిమాణమును, వయస్సును, గౌరవమును మూఁటిని దెలుపును. 'తల పండినవాఁడు' అన్నపుడు వెండ్రుకల తెలుపు గాక యనుభవపుఁ బరిపాకమే యుద్దిష్టము. నలువది యేండ్ల దరిదాపున దగ్గఱిచూపు మందగించుటను 'చత్వారము' అందుము. ఇది చత్వారింశచ్ఛబ్దభవమని తోఁచుచున్నది. ఇందు నింద లేశమును లేదు. వయస్సు నెంచి చెప్పుట మాత్రమే కలదు. 'ముసలి' శబ్దమో, యిప్పుడు పెక్కు నోళ్లలోఁ దిట్టుగా మాఱినది. ఆ తిట్టు శబ్దములో లేదు, ప్రయోక్తలో నున్నది.

ఇఁక కావ్యమునకు వత్తము. భర్తృహరి వైరాగ్యశతకమున నొక ప్రసిద్ధ శ్లోకము గలదు. అందు ముందుగా నవయవముల సంకోచమును, నడక సడలుటయు, దంతపాతమును, దృష్టినాశమును, బధిరత్వమును వరుసగాఁ జెప్పఁబడినవి. పిదప బంధువులు మాట నాదరింపకుండుటయు, భార్య శుశ్రూష చేయకుండుటయు, దుదకుఁ గన్నకొడుకే శత్రువువలె వర్తించుటయుఁ జెప్పఁబడినవి. ఏనుఁగు లక్ష్మణకవి తెనిఁగింపుమూలమున భర్తృహరి త్రిశతి తెలుఁగుదేశమునఁ బ్రతి పాఠశాలకును సుపరిచితమైనది. శ్లోకగతి యెట్టిదనఁగా, దంతములు రాలుట యెట్లు సహజమో పుత్రుఁడు శత్రువగుటయు నట్లే సహజమని చదువరికిఁ దోఁచును. ఒకే శ్వాసలోఁ జెప్పఁబడినవి యొకే జాతివను భ్రమ యిందుఁ గలుగుచున్నది.

ఈ భ్రమను దొలఁగించుటకు నన్వయవ్యతిరేకములే సాధనములు. జర యున్నచోట నెల్లఁ దిరస్కార ముండవలెను. జర లేనిచోఁ దిరస్కారము లేకుండవలెను. అట్లున్నదా? భారతయుద్ధమునఁ గౌరవపక్షమున భీష్ముఁడు వయసున నందఱకుఁ బెద్దలలోఁ బెద్ద. మొదటి పది దినముల సేనాపతియు నాతఁడే. అచ్చట జర గలదు, తిరస్కారము లేదు. ఇంకను బలవత్తరమైన దృష్టాంత మాశ్రమవాసపర్వమునఁ గలదు. యుద్ధానంతరము ధృతరాష్ట్రుఁడు పదునైదేండ్లు పాండవుల యింట నుండెను. యుధిష్ఠిరుఁ డాతనిఁ దండ్రివలె నాదరించెను. భీముఁడు మాత్ర మాతని పుత్రులను దాఁ జంపిన తెఱఁగు నాతని చెవినిఁ బడునట్లు పలుకుచుండెను. తిక్కనసోమయాజి యీ పర్వమును దెనిఁగించియున్నాఁడు. ఒకే యిల్లు, ఒకే కాలము, ఒకే ముదుసలి. అంధత్వము పుట్టుకతో వచ్చినది గావున నదియు మాఱినది కాదు. ఒకనివలన నాదరము, మఱియొకనివలనఁ బరాభవము. కారణ మొక్కటియే యగుచోఁ గార్యము రెండు విధము లెట్లగును? కావునఁ బరాభవకారణము చూడఁబడువాని దేహమున లేదు. చూచువాని చిత్తమున నున్నది.

ఆదిపర్వమునందలి యయాతికథ దీనికిఁ బూరకము. శుక్రశాపమున జర పొందిన యయాతి దానిని గ్రహించి యౌవనము నిమ్మని కుమారులను వేఁడెను. యదువు మొదలగు నలువురు నిరాకరించిరి. మూలమున వారు చెప్పిన హేతువులు పరిశీలింపఁదగినవి. యదువు నెరసిన గడ్డమును ముడుతలను జెప్పి, అంతతో నిలువక, పడుచువారును దనవలన బ్రదుకువారును గూడ నవమానింతురని చెప్పెను. ద్రుహ్యుఁడు గజాశ్వరథముల నెక్కలేమి నెంచి, మాట తొట్రుపడునని వెఱచెను. అనువు వేళ గాని వేళ బాలునివలె భుజించుటను, శౌచము తప్పుటను జెప్పెను. వీరు జరను నిరాకరించినది దేహబాధకు వెఱచి మాత్రమే కాదు, అవమానమునకు వెఱచి. ఆ యవమానమును జేయువారు మఱెవ్వరో కారు, తమవంటి పడుచువారే. తాము చేయుదానిని దామే యెఱుఁగుదురు గావున వెఱచిరి. కవిహృదయ మిచ్చట మిక్కిలి సూక్ష్మము.

అయితే యయాతి నిర్దోషి యని చెప్పరాదు. తన జర తాననుభవింపక, పిన్నవాని యౌవనముతో దానిని మాఱకము చేసినాఁడు. ఈ మాఱకమే వేయివిధముల లోకమున నడచినది. దానికి మన విజయనగరసీమలోనే ప్రబలమైన సాక్ష్యము గలదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున మొదట నాడఁబడి, 1897లో నచ్చుపడి, 1909లో మిక్కిలి పెంపొందిన రూపమున మరల వెలువడినది. మహారాజా ఆనందగజపతి విశాఖపట్టణమండలమునందలి తెలుఁగుగ్రామములలో మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయించినట్లును, అందు 1034 వివాహము లెక్కకు వచ్చినట్లును బ్రథమముద్రణపీఠికలో గ్రంథకర్త తెలిపినాఁడు. ఆ వధువులలో 99 గురు అయిదేండ్లవారు, 44 గురు నాలుగేండ్లవారు, 36 గురు మూఁడేండ్లవారు, ఆఱుగురు రెండేండ్లవారు, ముగ్గురు ఏఁడాదిపిల్లలు. వ్యాకరణమునఁ 'గన్య' యనుటకుఁ గూడఁ జాలని శిశువులు!

ఆ నాటకమున లుబ్ధావధానులు ముదుసలి. ఆతని వార్ధకము దాఁగినది కాదు. అయినను అగ్నిహోత్రావధానులు చిన్నకూఁతురు సుబ్బి నాతనికిఁ బెండ్లిచేయ నెంచెను. రామప్పంతులు మఱియొక సంబంధము గుదుర్ప వెనుదీయలేదు. మన విచారమున కిది ముఖ్యమైన సంగతి. లుబ్ధావధానునియందు జర సంపూర్ణముగా నున్నది. వరునిగా నాతనిఁ దిరస్కరించువాఁడు మాత్రము బేరగాండ్రలో నొక్కఁడును లేఁడు. ధన మున్నది గావున జర కనఁబడలేదు. ఆ యింటి కన్నీటిని జూడఁగలిగినది వెంకమ్మ యొక్కతెయే. 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ'యందును దల్లిదండ్రులు ధనమునకు లోఁబడుటయే మూలము. తోడి బాలికలు మాత్రము మగఁడు తాత యని పరిహసింతురు. ధనస్పర్శ లేని కన్నులకు జర జరగానే కనఁబడినది.

ఈ దృష్టాంతములవలన నేమి సిద్ధించినది? 'జర గలచోఁ దిరస్కారము' అను వ్యాప్తి సోపాధికము. నిప్పున్నచోట నెల్లఁ బొగ యుండదు, తడిసిన కట్టె చేరినప్పుడే పొగ పుట్టును. అట్లే జరకు నిరుపయోగత్వబుద్ధి, యనఁగా వీనివలన మనకుఁ బ్రయోజనము లేదను తలంపు చేరినప్పుడే తిరస్కారము పుట్టుచున్నది. ప్రయోజన మున్నచో లుబ్ధావధానుఁడును వరుఁడే. మనుస్మృతిలో ధనము, బంధుత్వము, వయస్సు, కర్మము, విద్య యని మాన్యత్వహేతువు లైదు చెప్పఁబడి, వానిలో ముందుదానికంటెఁ దరువాతిది గురుతరమని నిర్ణయింపఁబడినది. వయస్సు ధనముకంటె వేఱైన హేతువుగను, దానికంటె గొప్పదిగను లెక్కింపఁబడుట గమనింపుఁడు. వయస్సును ధనములోఁ గలిపివేసినది స్మృతి కాదు, మనము.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. భర్తృహరి శ్లోకము వైరాగ్యప్రకరణస్థము. శాంతరసమునకు విభావముగా నట్లు చెప్పఁబడినది. దానిని శాస్త్రవాక్యమువలెఁ బరీక్షించుట రసికధర్మము గాదని. సత్యమే. ప్రకరణమున నది నిర్దుష్టము. తన జరను దాను దలంచి విరక్తుఁడు గావలసినవాని కది హితము. కాని యిప్పు డా శ్లోకమును వినువాఁడు వృద్ధుఁడు గాఁడు, బాలుఁడు. పదునాలుగేండ్ల విద్యార్థి దానిని గంఠస్థము చేసి గ్రహించున దేమి? తాత మాట నెవ్వరును విననక్కఱలేదు, అది వయోధర్మము, అని. విరక్తికై చెప్పఁబడినది నిర్దయకుఁ బ్రమాణమగుచున్నది. అధికారిభేదమున నర్థభేదము గలుగు ననుట మన శాస్త్రములకుఁ గ్రొత్త గాదు.

మఱియు శరీరగతములని చెప్పఁబడినవియు నన్నియు ననివార్యములు గావు. సుశ్రుతుఁడు జరను స్వాభావికవ్యాధులలోఁ జేర్చి, అందుఁ గాలమున వచ్చునదియు, రక్షణలోపమున నకాలమున వచ్చునదియు నని విభజించినాఁడు. ఆయుర్వేదాంగము లెనిమిదింటిలో రసాయనతంత్ర మొకటి యుండుటయు నిందులకే. కంటిశుక్లమునకు శస్త్రక్రియ నా సంహిత యుత్తరతంత్రమునఁ జెప్పియున్నది. నేఁడు చెడిన కటకమును దీసి క్రొత్తదానిని నిలుపుచున్నారు. కవి 'దృష్టినాశము' అన్న దానిలోఁ గొంత వైద్యుని యింటికిఁ దోడ్కొనిపోవువాఁడు లేకపోవుట మాత్రమే.

బధిరత్వము మఱియు విచార్యము. వయస్సున వచ్చు చెవుడు ముందుగా హెచ్చుస్థాయి ధ్వనులను హరించును. వర్ణములలో నట్టివి ముఖ్యముగా శషసలు. అచ్చులు బలవంతములు గావున నవి వినఁబడుచుండును. అందుచే ముదుసలికి మాట్లాడుచున్నారని తెలియును, ఏమని మాట్లాడుచున్నారో తెలియదు. ఇంటివారు దీని నెఱుఁగక, 'తనకుఁ గావలసినవే వినఁబడును' అని నిందింతురు, బిగ్గఱగా నఱతురు. అఱపున నచ్చులు పెరుఁగును గాని యూష్మములు విశదములు గావు. కోపము మాత్రము విశదమగును. ఎదుట నిలిచి, మెల్లగా, హల్లులను స్పష్టముగా నుచ్చరించినచోఁ జాలవఱకు బోధపడును. శిక్షాశాస్త్రము చదివిన పండితుల కిది చెప్పనక్కఱ లేదు.

చెవుడున్నంతమాత్రమున స్థానము పోదనుటకు గిడుగు రామమూర్తిగారే నిదర్శనము. 1863లో శ్రీకాకుళసీమలోఁ బుట్టి, పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడై, సవరల భాష నేర్చుటకై కొండలఁ దిరిగి, జ్వరమునకుఁ గ్వినైను సేవించి యాయన వినికిడి పోఁగొట్టుకొనిరి. అది జరాకృతము గాదు, నిజమే. కాని వార్ధకమంతయు దానితోనే గడచినది. సవరభాషావ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి; డెబ్బదియైదేండ్ల ప్రాయమున, వినఁబడని చెవులతో, ధ్వనులకు నిఘంటువు! వ్యావహారికవాదమున నాయనతో నేకీభవింపని గ్రాంథికవాదులును నాయన విద్యను దిరస్కరింపలేదు. ఈ పత్రికాభాషయే యాయనకు సమ్మతము గానిది. అయినను నీ నిదర్శన మాయనది గాక మఱియొకటి దొరకదు.

తుది మాట. మా ప్రాంతమున 'వలస' యంతమందుఁ గల గ్రామనామములు పెక్కులు. ఎచ్చటినుండియో వచ్చినవారు నిలిచిన చోటికిఁ గొత్తవలస యని పేరు. ఇప్పు డా నామార్థము తలక్రిందైనది. హౌరా–చెన్నై మార్గమునుండి కిరండూలు దారి చీలు నీ కూడలినుండి పడుచువారు బండ్లెక్కి పట్టణములకుఁ బోవుచున్నారు; ముదుసళ్లు నిలిచియున్నారు. 2007 నాఁటి చట్ట మఱువదేండ్లు నిండినవారికిఁ బుత్రాదులవలన జీవనభృతి కోరు హక్కు నిచ్చినది. చరకుఁడును జీర్ణవయస్సును నఱువదికిఁ బిమ్మటనే చెప్పియున్నాఁడు. చట్టము భృతిని విధింపఁగలదు. ఎదుట నిలిచి మెల్లగా మాటలాడుటను విధింపలేదు. అది విద్యవలన రావలసినది.

కావునఁ బాఠశాలాపండితులకు నా విన్నప మిది. భర్తృహరి శ్లోకమును విడువకుఁడు, అది చదువఁదగినది. దాని వెంట నాశ్రమవాసపర్వకథను గూడఁ జెప్పుఁడు. పూర్వభాగము కాలము చేయునది, ఉత్తరభాగము మనము చేయునది యని విడఁదీసి బోధింపుఁడు. 'జౄ' ధాతువుపై మనకు స్వాతంత్ర్యము లేదు. 'వృధ్' ధాతువు మాత్రము మన చేతిలోనిది.