కోడ్‌ను తట్టి చూసే పని

1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చాక కోలారు బంగారు గనుల్లో యంత్రాలు పెరిగాయి. అయినా తలమీది రాయిని తట్టి, మోత విని, డొల్లతనం పసిగట్టే మనిషితో గనికి పని తీరలేదు. 2001లో గనులు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ గనుల ఊళ్లోని మారికుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కేవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉన్నారు. ఏఐ నిమిషంలో గుమ్మరించే కోడ్‌ను చిన్న ముక్కలుగా తీసుకుని, ప్రతి వరుసా చదివి, గిట్‌లో వెనక్కి మళ్లే దారి ఉంచుకునే ఇంజనీరుదీ ఆ తట్టి చూసే పనే. టెస్టులూ ఏఐయే రాస్తుందిగా అంటారు. రాస్తుంది, కాకపోతే తాను పొరబడిన చోట టెస్టూ పొరబడవచ్చు. ఉదాహరణకు, ఒకే బిల్లుకు డబ్బు రెండుసార్లు కట్ కాకూడదని ఎవరో ఒకరు ముందే ఆలోచించాలి. ఇలా ప్రతి వరుసా చదివితే ఆలస్యం కాదా? అవుతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోయాక, ఎవరూ చదవని కోడ్‌లో తప్పు వెతకడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.