ముందు క్రియను అడగండి

సాయంత్రం పూట మా వీధిలోని పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు వాక్యాలు విడగొట్టించడం నాకో వ్యసనం. మా బళ్లారిలో చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పరీక్షలో ఇంగ్లీషు. నౌన్ క్లాజ్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్తారు. వాక్యం ముందు పెడితే నోరు పెగలదు.

ఇది పాత జబ్బే. 1823లో ఇక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసుకు పంపిన నివేదికలో జిల్లా బడులు 533. కన్నడవి 235, తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటంటే ఒక్కటి. పిల్లలు పద్యాలు వల్లిస్తున్నారు గానీ అర్థం తెలియడం లేదని ఆయన బాధ. ఇప్పుడు ఇంగ్లీషు బడి సందుకొకటి ఉంది. వల్లె వేయడం మాత్రం పోలేదు.

అందుకే రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం పక్కన పెట్టి, సంస్కృత పండితుల ఖండాన్వయం పట్టుకుంటాను. శ్లోకంలో ముందు క్రియను పట్టుకుని ఎవరు, దేన్ని, ఎలాంటి అని అడుగుతూ మిగతా పదాల్ని రాబట్టే పద్ధతి అది. ఇంగ్లీషుకూ భేషుగ్గా పనికొస్తుంది.

‘ద మ్యాన్ హూ సోల్డ్ ద చిల్లీస్ సెడ్ దట్ ద ప్రైస్ వుడ్ ఫాల్.’ క్రియలు ఏరమంటాను: సోల్డ్, సెడ్, వుడ్ ఫాల్. మూడు క్రియలు, మూడు క్లాజులు. అసలు క్రియ సెడ్. ఎవరు? ద మ్యాన్. ఏమని? ‘దట్’ నుంచి చివరిదాకా. అది నౌన్ క్లాజ్. ఏ మనిషి? ‘హూ సోల్డ్ ద చిల్లీస్’. అది అడ్జెక్టివ్ క్లాజ్. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ కూడా అంతే, చేసే పనిని బట్టే పేరు. ‘ద బస్ విల్ స్టాప్’లో స్టాప్ వెర్బ్, ‘మై స్టాప్’లో నౌన్.

తర్వాత అదే మాట తెలుగు, కన్నడ రెండింట్లో రాయిస్తాను. ‘మిరపకాయలు అమ్మినవాడు ధర పడుతుందని చెప్పాడు.’ ‘మెణసినకాయి మారిదవను బెలె బీళుత్తదె ఎందు హేళిద.’ పదం కింద పదం కూర్చుంటుంది. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ఉపోద్ఘాతానికి జోడించిన వివరణలో ఎల్లిస్ అనే ఆంగ్లేయ పండితుడు ఈ భాషల చుట్టరికాన్ని ఉదాహరణలతో చూపించాడు. మా పిల్లలకు అది అరుగు మీదే కనిపిస్తుంది. 1953లో జిల్లాను చీల్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ, బళ్లారి మైసూరుకూ పోయినా వాక్యం తీరు మారలేదు.

ఇంగ్లీషులోకి వచ్చేసరికి చిక్కంతా ‘హూ’ దగ్గరే. మనం అమ్మిన, వచ్చిన అని పేరుకు ముందే తగిలించేస్తాం. ఇంగ్లీషువాడు పేరు చెప్పాక ఇంకో క్రియతో వివరం ఇస్తాడు. ‘చిల్లీస్ సోల్డ్ మ్యాన్’ అని రాసే పిల్లవాడు మొద్దు కాదు. వాడి ఇంటి వ్యాకరణం వాడు నిక్కచ్చిగా పాటిస్తున్నాడు.

ఇంగ్లీషు మాస్టార్లకు నా మనవి ఒక్కటే. క్లాజుల పాఠం మొదటి వారం తెలుగు, కన్నడ వాక్యాలతోనే చేయించండి. నిర్వచనాలు తర్వాత చెప్పుకోవచ్చు.