శ్రీశైలం నీటిమట్టం, తరగతి గది ఆట

ఒక సంస్థ నడకను కొన్ని నియమాలకూ అంకెలకూ కుదించి, ధర ఎంత, సరుకు ఎంత, నిల్వ ఎంత అన్న నిర్ణయాలను విద్యార్థి బృందాలకు వదిలి, ఒక్కొక్క దఫా ముగియగానే లాభనష్టాలు చూపించే ఆటను బిజినెస్ సిమ్యులేషన్ గేమ్ అంటారు. కలిసి పనిచేయడం నేర్పే సాధనమని దీనికి పేరు, కానీ ఆ పేరులో సగమే నిజం. ఐదుగురిని ఒకే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చివరి లాభాన్ని బట్టి మార్కులు వేస్తే, లెక్కల్లో చురుకైన ఒకరు నిర్ణయించడం, తక్కినవారు తలూపడం తప్ప మరొకటి జరుగుతుందని ఆశించలేము.

అమెరికాలోని ఎంఐటీలో 1960ల నాటి బీర్ గేమ్ పద్ధతి వేరు. చిల్లర వర్తకుడు, టోకు వర్తకుడు, పంపిణీదారు, కర్మాగారం అనే నాలుగు పాత్రల మధ్య మాటలుండవు. ఆర్డరు చీటీ మాత్రమే చేతులు మారుతుంది, సరుకు వారాల ఆలస్యంతో చేరుతుంది. గిరాకీ వారానికి నాలుగు పెట్టెల నుంచి ఎనిమిదికి ఒక్కసారే పెరిగి అక్కడే నిలిచిపోతుంది గానీ, ఆ చిన్న మార్పే పై పాత్రలకు చేరేసరికి మొదట కొరతగా, తర్వాత అమ్ముడుపోని గుట్టలుగా పరిణమిస్తుంది. ప్రతి పాత్రా పక్క పాత్రను నిందిస్తుంది. అసలు గిరాకీ పట్టిక బయటపెట్టాక ఆ నింద నిలవదు.

దీనికి సరితూగే ప్రయోగం రాయలసీమలోనే, అదీ కళాశాలల బయట జరిగింది. అనంతపురం, చిత్తూరు జిల్లాల రాతి నేలల్లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ పరిశోధకులు, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వంటి స్వచ్ఛంద సంస్థలతో కలిసి, రైతుల చేత భూగర్భజలాల ఆట ఆడించారు. ఐదుగురికీ నీటి నిల్వ ఒకటే. ప్రతి దఫాలోనూ ఒక్కొక్కరు తక్కువ నీటి పంటనో, ఆదాయమూ నీటి వాడకమూ రెండూ ఎక్కువైన పంటనో ఎంచుకోవాలి. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, మాట్లాడుకోనిచ్చిన దఫాల్లోనూ పంటల ఎంపిక ఇంచుమించు మునుపటిలాగే సాగింది. స్వచ్ఛంద సంస్థ ఎక్కువ కాలంగా పనిచేస్తున్న ఊళ్ళలో సహకారం ఎక్కువగా కనిపించింది. మాట్లాడుకుంటే చాలు జట్టు కుదురుతుందని నమ్మే అధ్యాపకులకు ఇది మింగుడుపడని సంగతే. అయితే ఆట ఆడి, ఆ తర్వాత దానిపై చర్చించుకున్న గ్రామాలు, అవే స్వచ్ఛంద సంస్థల కార్యక్రమంలో ఉండి కూడా ఆడని గ్రామాల కంటే ఎక్కువగా నీటి రిజిస్టర్లనూ వాడకం నియమాలనూ అమలులోకి తెచ్చుకున్నాయని తదుపరి అధ్యయనం తేల్చింది. ఆటలోని మాటల కంటే ఆట తర్వాతి చర్చకే బలం ఎక్కువని దీన్నిబట్టి తోస్తుంది.

కర్నూలు, కడప ప్రాంతపు కళాశాలలు పరాయి కంపెనీల లెక్కలు కొని తెచ్చుకోవడం కంటే శ్రీశైలం జలాశయాన్నే ఆటగా మలచుకోవడం మేలు. పూర్తి మట్టం 885 అడుగులు; పూడిక పోగా నిలిచే నీరు సుమారు 215 టీఎంసీలు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎడమ గట్టున తెలంగాణ నడిపే 900 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, కుడి గట్టున ఆంధ్రప్రదేశ్ నడిపే 770 మెగావాట్ల కేంద్రం, పోతిరెడ్డిపాడు తూముల నుంచి రాయలసీమ కాలువలు, తెలుగుగంగ చివర చెన్నై తాగునీరు, దిగువన నాగార్జునసాగర్ ఆయకట్టు: పాత్రలు వెతుక్కోనక్కరలేదు. టర్బైన్ల గుండా పోయిన నీరు వృథా కాదు, సాగర్‌కే చేరుతుంది. కానీ మట్టం 854 అడుగుల దిగువకు జారితే పోతిరెడ్డిపాడుకు అందే నీరు బాగా తగ్గిపోతుంది. ఎవరి కోరికా అన్యాయం కాదు, అయినా అందరి కోరికలూ ఒకేసారి తీరవు; ఇంత నిక్కచ్చి చిక్కు కొనుక్కున్న ఆటలో దొరకడం అరుదు.

ఈ ఆటకు మార్కులు ఎవరు ఎంత నీరు వాడుకున్నారన్న దాన్ని బట్టి కాక, ప్రతి దఫా చివర ఒక్కొక్కరూ రాసే నిర్ణయ కారణాన్ని బట్టి వేయాలి. సగం దఫాలు ముగిశాక పాత్రలు మార్చి, విద్యుత్ కేంద్రం నడిపిన విద్యార్థికి పోతిరెడ్డిపాడు కాలువ అప్పగించాలి. జలాశయం మట్టాన్ని మాత్రం మళ్ళీ 885కు నింపకుండా, అతడే దింపిన అడుగు దగ్గర నుంచే ఆట కొనసాగించాలి.