తొలుసూరు కాన్పూ మన సాహిత్యమూ: తాండూరు, వికారాబాదు వైపు నుంచి కొన్ని ప్రశ్నలు

తెలుగు సాహిత్యంలో అమ్మకు కొదవ లేదు. పద్యంలో ఉంటుంది, సినిమా పాటలో ఉంటుంది, ఎన్నికల సభలో కూడా ఉంటుంది. తల్లి కావడం మాత్రం ఉండదు. వేవిళ్లు, నెలలు నిండేదాకా కూలికి పోవటం, తొలుసూరు కాన్పంటే లోపల్లోపల పుట్టే భయం, నొప్పులు, మాయ పడేదాకా ఊపిరి బిగబట్టటం, పాలు పడకపోవటం, పక్కలో పసిగుడ్డు ఏడుస్తుంటే తానూ ఏడ్వటం – ఇవన్నీ ఆడోళ్ల ముచ్చట్లని మన పండితులు పక్కకు పెట్టిన్రు. ఆ తలుపును తోసి తెరిచింది స్త్రీవాద కవిత్వం. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ లాంటి కవితలు, 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం లేకపోతే ఈ వ్యాసం రాయటానికి మాకు మాటలే దొరికేవి కావు. అదంతా బూతన్న పెద్దలున్నరు. మేము ఆ పెద్దల పక్క కాదు.

మేమడిగేది వేరే. ఆ కవితల చుట్టూ జరిగిన చర్చంతా ఆ గదిలో ఒక్క మనిషినే చూసింది, నొప్పులు పడుతున్న మనిషిని. ఆ నొప్పి ఆడవాళ్లందరిదీ అన్నది. సరే, ఆ గదిలో ఇంకెవరున్నరు? నెత్తురు కడిగే మనిషి ఉన్నది. మాయను బకెట్లో ఎత్తుకపోయే మనిషి ఉన్నది. ఆమెది ఏ కులమో చెప్పటానికి పరిశోధన అక్కర లేదు. ఆమెకూ ఒకనాడు తొలుసూరు కాన్పు అయ్యే ఉంటది. ఆ కాన్పు ఏ కవితలో ఉన్నది?

ఈ ప్రశ్నను మేము గాలిలో వేయటం లేదు. 2016లో రంగారెడ్డి జిల్లాను విడగొట్టి చేసిన వికారాబాదు జిల్లా, అందులో కన్నడ దేశం సరిహద్దున ఉన్న తాండూరు ప్రాంతం నుంచి వేస్తున్నం. బండల గనులు, పాలిష్ యూనిట్లు, కంది చేన్లు – వీటి మధ్యన బతికే మాదిగ, మాల వాడల నుంచి వేస్తున్నం. ఇదే ప్రాంతం తెలుగు సాహిత్యానికి గోగు శ్యామలను ఇచ్చింది. ఆమెది తాండూరు పక్క పెద్దేముల్. దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’గా 2003లో ఒక్కచోటికి తెచ్చింది ఆమె. ‘ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ అన్న సామెతను కథకూ, పుస్తకానికీ పేరుగా పెట్టింది ఆమె.

ఆ సామెత దగ్గర కొంచెం ఆగుదాం. ఏకులంటే నూలు వడకటానికి ఏకి పెట్టుకున్న దూది చుట్టలు. వాటిని వేసుకునే బుట్ట చిన్నది, బరువు లేనిది, ఎప్పుడూ పనిలో ఉండేది. అగ్రకుల సాహిత్యం తల్లిని భూమాత అన్నది, దేవత అన్నది, కన్నీటి కడలి అన్నది. ఈ సామెత ఆమెను పనిముట్టు పక్కన కూర్చోబెట్టింది. దీన్ని తక్కువ చేయటం అనుకునేవారు ఉండొచ్చు. మాకు మాత్రం తెలుగులో తల్లి గురించి ఇంత నిజమైన పోలిక మరొకటి కనపడలేదు. వాడలో తల్లి అంటే మొదట పని. ప్రేమ కూడా ఆ పనిలో నుంచే కనపడాలె.

శ్యామల కథల్లో తల్లి ఎక్కువగా పిల్లల కండ్లతో కనపడుతుంది. పిల్లలు పుట్టిన తర్వాతి తల్లి ఆమె. తిండి ఎట్ల తెచ్చింది, దొర ముందు ఎట్ల నిలబడ్డది, బిడ్డను ఎట్ల కాపాడుకున్నది – ఇదే కథ. బిడ్డను జోగిని చేయాలని ఊరి పెద్దలు పట్టుబడితే తండ్రి ఆమెను చదువుకు పంపించి తప్పించిన కథ కూడా ఇందులో ఉన్నది. జోగినిగా విడవటాన్ని నేరం చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. జోగిని తల్లి అయితే ఆ బిడ్డకు బడి రిజిస్టరులో తండ్రి పేరు అడుగుతరు. ‘తల్లి కావడం స్త్రీ జన్మకు సార్థకం’ అన్న మాటను జోగిని ముందట నిలబడి చెప్పగలరా? ఒకే ఊళ్లో ఒక ఆడమనిషి తొలుసూరు కడుపుకు సీమంతం, ఇంకొక ఆడమనిషి తొలుసూరు కడుపుకు గుసగుస. తల్లితనం గురించి అందరికీ వర్తించే మాట చెప్పేముందు విమర్శకులు ఈ రెండు కడుపుల తేడా చూడాలె.

ఇప్పుడు మంత్రసాని దగ్గరకు వద్దాం. తెలంగాణ ఊళ్లల్లో కాన్పులు చేసినోళ్లు చాలా చోట్ల మంగలి, మాదిగ ఆడోళ్లు. అర్ధరాత్రి పిలుపు వస్తే దొర ఇంటికి వెనుక వాకిలి నుంచి పోయి, లోపలి అర్రలోకి పోయి, దొరసాని ఒంటిని పట్టుకొని, బిడ్డను చేతులకు తీసుకొని, బొడ్డు కోసి, మాయ పాతి పెట్టి వచ్చేది. తెల్లారినంక అదే మనిషి అదే ఇంటి గడప తొక్కరాదు. దొర బిడ్డను లోకంలో మొదట తాకింది అంటరాని చెయ్యి. బ్రాహ్మణీయ ధర్మం ఈ వైరుధ్యాన్ని ఎట్ల దాటిందంటే, కాన్పునే మైల చేసింది. మైల పని మైల మనిషిది అన్నది. ఆమె చేతిలో ఉన్నది విద్య అని ఒప్పుకుంటే కులం నిలబడదు. కనుక దాన్ని చాకిరీ అన్నది. చాట గింజలు, పాత చీర, అదీ కూలి.

పురుడులో ఇంకొక తమాషా ఉన్నది. పురుడు అంటుతుంది కాబట్టి పెద్ద కులాల బాలెంతను ఒక మూలకు పెడతరు. అది అవమానమే, కాదనం. కానీ ఆ మూలలో ఆమెకు కొన్ని దినాల విశ్రాంతి దొరికింది. వేన్నీళ్లు, పత్తెం, సాంబ్రాణి పొగ, ఒళ్లు పట్టే మనిషి. ఆ ఒళ్లు పట్టే మనిషి తన తొలుసూరు కాన్పప్పుడు ఎన్ని దినాలు పండుకున్నది? వాడలో పురుడు ఉన్నది గానీ సెలవు లేదు. జూపాక సుభద్ర ‘కొంగు’ కవితలో కొంగు సిగ్గుకు కాపలా కాదు, పని చేసే ఒంటిలో భాగం. పచ్చి బాలెంత చెట్టు కొమ్మకు చీర కట్టి బిడ్డను వేసి కలుపు తీసే చోట ఆ కవిత మాకు బాగా అర్థమయింది.

ఈ విశ్రాంతి మాటను దేశంలో చట్టసభ దాకా తీసుకపోయినవారిలో బాబాసాహెబ్ ఒకరు. 1928 జులై 28న బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించిన్రు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకటం జాతి ప్రయోజనం అన్నరు. తర్వాత వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యునిగా ఉన్నప్పుడు గనుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టం సవరణను కూడా ముందుకు తెచ్చిన్రు. రమాబాయి, ఆయన తమ బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకున్నవాళ్లని గుర్తు పెట్టుకుంటే ఆ మాటల బరువు తెలుస్తది. అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగానే పూజించే మన సభల్లో ఈ సంగతి వినపడదు. 1961లో ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగింది. జీతం చీటీ ఉన్న ఉద్యోగినికి అది పనికి వచ్చింది. తాండూరు బండల మిషన్ దగ్గర రోజు కూలికి ముక్కలు ఎత్తే మనిషికి చీటీ ఏది? పనికి రాని దినం కూలి లేని దినం. అంతే.

దవాఖానా గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త కావాలె. మంత్రసాని కాలం బంగారు కాలమని పాడటం మాకు ఇష్టం లేదు. నెత్తురు ఆగకపోతే, బిడ్డ అడ్డం తిరిగితే ఆమె చేతిలో ఏమున్నది? ఎంతమంది తొలుసూరు కాన్పులోనే పోయిన్రో ఏ వాడలోనైనా ముసలమ్మలు పేర్లు పెట్టి చెప్తరు. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు తెలంగాణలో 2014–16 లెక్కల్లో 81 ఉంటే 2018–20 నాటికి 43కు తగ్గినయి. ఈ తగ్గుదలలో మన ఆడబిడ్డల ప్రాణాలున్నయి. దాన్ని చిన్న మాట అనే హక్కు ఎవరికీ లేదు, సహజ కాన్పు అని మురిసిపోయే పట్నం మేధావులకు అసలే లేదు.

అయినా అదే దవాఖానాలో ఇంకొక లెక్క ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లో అయినయి, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం కడుపు కోసి తీసినవి. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. పది మంది పోతే ఎనిమిది మందికి కోత. తొలి కాన్పుకు కోత పడితే మలి కాన్పుకూ కోతే అనటం మామూలైపోయింది. తర్వాత పిల్లల ఆపరేషన్. పాతికేండ్లు నిండకముందే కడుపు మీద రెండు మూడు గాట్లు. కుట్లు పడ్డ మనిషి బరువు ఎత్తరాదని డాక్టరు చెప్తడు. ఆమె బతుకే బరువెత్తే పని. ఈ రెండు మాటల మధ్యన ఇరుక్కున్న నడుము నొప్పి మీద తెలుగులో ఒక్క మంచి కథ వస్తే మేము సంతోషిస్తం.

కోత పెరగటానికి ముహూర్తం పిచ్చి కూడా ఒక కారణమని ప్రభుత్వ పెద్దలే అన్నరు. మంచి ఘడియ చూసి కడుపు కోయించుకోవటం వాడలకు కూడా పాకుతున్నది. చూడుండ్రి ఎట్లాంటి చోద్యమో! మాలో చాలామందికి పుట్టిన తేదీ పంతులు బడిలో వేసుకున్న తేదీ. జూన్ ఒకటో తారీఖున దేశంలో ఇంతమంది ఎట్ల పుట్టిన్రని మా హాస్టల్లో నవ్వుకునేవాళ్లం. మనం పుట్టిన ఘడియ తెలిసింది ఒక్క మంత్రసానికే. ఆమె దాన్ని జాతర గుర్తుతో, కరువు గుర్తుతో, కోతల గుర్తుతో చెప్పేది. ఆ గుర్తును ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు జాతకం లేని కులాలు జాతకం కోసం కత్తి కింద పడుకుంటున్నయి. బ్రాహ్మణీయత గుడిలో నుంచే వస్తదనుకుంటే పొరపాటు, ఆపరేషన్ థియేటర్లో నుంచి కూడా వస్తది.

2022 డిసెంబరు నెల ఒకటి చెప్పుకోవాలె. ఆ నెలలో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన నేల, మన పంట అని అందరూ గర్వపడ్డరు, మేమూ పడ్డం. అదే నెలలో నెత్తురు తక్కువ ఉన్న గర్భిణులు ఎక్కువున్న జిల్లాలని తొమ్మిదింటిని ఎంచి న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టిన్రు. ఆ తొమ్మిదిలో వికారాబాదు ఉన్నది. నెయ్యి, ఖర్జూరం, ఐరన్ సిరప్ ఇచ్చిన్రు. ఇచ్చింది మంచిదే. కానీ దేశానికి పప్పు పెట్టే చేనులో కలుపు తీసిన మనిషి ఒంట్లో నెత్తురు ఎందుకు లేదని ఆ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి అడిగిన విలేకరి మాకు కనపడలేదు. సాహిత్యకారుడూ కనపడలేదు. 2015 నుంచి అంగన్‌వాడీలో ఒక పూట అన్నం, గుడ్డు, పాలు పెట్టే పథకం నడిచింది. ఆ పూట తినటానికి కూలి వదులుకొని రావాలె. ఇదొక్కటి ఆలోచిస్తే చాలు, తల్లి ఆరోగ్యం కూలి ప్రశ్న ఎందుకో తెలుస్తది.

ఇంక మంత్రసాని ఏమైంది? 2005లో జననీ సురక్ష వచ్చినంక ఆసుపత్రి కాన్పే కాన్పు అయింది. ఆమెకు కిట్లు పంచి, శిక్షణ ఇచ్చిన ప్రభుత్వమే ఆమెను పక్కన పెట్టింది. కోతలు మితిమీరినంక 2017లో తెలంగాణ ప్రభుత్వమే నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులప్పుడు నడవనియ్యాలె, కూసోనియ్యాలె, పక్కన ఒక మనిషి ఉండి ధైర్యం చెప్పాలె, తొందరపడి కోయొద్దు – ఇవి అక్కడ నేర్పే సంగతులు. మంచి సంగతులు, అవసరమైనవి. తొలుసూరు బిడ్డకు అన్నింటికన్నా అవసరమైంది ఆ పక్కనున్న మనిషే. కానీ ఇవి పెద్దేములు వాడలో ముసలమ్మకు కొత్తవా? ఆమె చేసినప్పుడు మూఢాచారం, ఇంగ్లీషు పేరుతో తిరిగి వచ్చినప్పుడు శాస్త్రం. ఆ శాస్త్రం చదివే సీట్లలో ఆమె మనవరాలు ఎక్కడున్నదో చూడాలె. ఆయమ్మగా గది కడిగే దగ్గర ఉంటే, కులం ఆసుపత్రి గేటు బయటే ఆగిపోలేదన్నమాట.

దళిత సాహిత్య విమర్శ మీద కూడా మాకు ఫిర్యాదు ఉన్నది. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత మనం నెత్తురు గురించి ఎంతో రాసినం. పొలం గట్టు మీద, కాలువలో పారిన నెత్తురు అది. రాయవలసిందే. కాన్పు నెత్తురు మాత్రం మన దగ్గర కూడా ఆడోళ్ల సంగతే అయింది. మన కవి తల్లిని తలుచుకుంటే చెప్పులు లేని కాళ్లు గుర్తొస్తయి, చాటలో గింజలు గుర్తొస్తయి, తాను పుట్టిన పూట గుర్తుకు రాదు. కొడుకుగా రాయటం వేరు, నీళ్లాడిన మనిషిగా రాయటం వేరు. అందుకే ‘నల్లపొద్దు’ లాంటి సంకలనాలు దళిత సాహిత్యానికి అనుబంధం కాదు. వాటి దగ్గరి నుంచి మిగతాదాన్ని మళ్లా చదవాలె.

చదవటంతో పని అయిపోదు. యాలాల, బషీరాబాద్, పెద్దేముల్, ధారూర్ వైపు వాడల్లో కాన్పులు చేసిన ముసలోళ్లు ఇంకా కొందరు మిగిలి ఉంటరు. పీహెచ్‌డీ చేసే మన పిల్లలు వాళ్ల దగ్గర కూసుండాలె. పాటలు చెప్పమని అడగొద్దు, అందరూ అదే అడుగుతరు. నీ తొలుసూరు కాన్పు ఎవరు చేసిన్రవ్వా, ఎన్నో నెల దాకా పనికి పోయినవ్, ఎన్నో దినం మళ్లా పోయినవ్, నువ్వు ఇంకొకరి కాన్పుకు పోయిన రాత్రి నీ పాలు తాగే పిల్లను ఎవరికి ఇచ్చి పోయినవ్ అని అడగాలె. చెప్పింది చెప్పినట్టు, తాండూరు మాటలోనే, కన్నడం కలిస్తే కన్నడంతో, ఉర్దూ కలిస్తే ఉర్దూతో రాసుకోవాలె.