గాలి దొంగను పట్టే చెవి

షాద్‌నగర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన లారీ కింద పడుకుని గాలి లీకు వెతికే మెకానిక్‌ను చూస్తే నాకు ఎంతో గౌరవం. లారీ బ్రేకులకు ప్రాణం గాలే; ట్యాంకుల్లో దాదాపు 8 బార్ల ఒత్తిడి నిలవాలి. అతను ముందే స్పానర్ పట్టడు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, గాలి నిండాక ఇంజిన్ ఆపిస్తాడు. గేజ్ ముల్లు చూసి, "అన్నా, బ్రేక్ తొక్కి పట్టు" అంటాడు. తొక్కకముందే ముల్లు దిగుతుంటే లోపం ఎక్కువగా ట్యాంకుల వైపు. తొక్కినప్పుడే దిగితే చక్రాల వైపు పైపుల్లోనో, బ్రేక్ చాంబర్ డయాఫ్రంలోనో. సగం లారీని వెతికే పని అక్కడే తప్పిపోతుంది. ఎంత అందమైన తర్కం!

తర్వాత చెవి. శంషాబాద్ వైపు పోయే బండ్ల హోరులోనూ సన్నని 'సుయ్' మనే చప్పుడు పట్టేస్తాడు. చెవికి అందనిది సబ్బునీళ్లకు దొరుకుతుంది. బ్రష్‌తో నట్టు చుట్టూ, వెనకా, పైపు చాసిస్‌కు ఒరుసుకునే చోటా పూస్తాడు. పెద్ద లీకైతే నీళ్లు చిమ్ముతాయి. చిన్నదైతే ఆవగింజంత నురగ మొదలై నెమ్మదిగా ఉబ్బుతుంది. దానికోసం అతను కాచుకునే ఓపిక నాకు అన్నిటికన్నా ఇష్టం.

గాలి పూర్తిగా పోతే స్ప్రింగ్ బ్రేకులు బిగుసుకుని బండి రోడ్డు మధ్యే నిలిచిపోతుంది. అందుకే నట్టు బిగించాక మళ్లీ సబ్బునీళ్లు పూసి, ముల్లు కదలట్లేదని చూశాకే డ్రైవర్‌ను బెంగళూరు దారి పట్టనిస్తాడు.